కిటికీలో ఎర్ర కండెలు

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం కరీంనగర్ నుంచి బస్సు దిగి, సిరిసిల్లలో మా తమ్ముని ఇంటికి నడిచి పోయేసరికి, తమ్ముని కొడుకు సందీప్ వాకిట్లో మోటారుసైకిలు తుడుస్తున్నాడు. తమ్ముడూ మరదలూ ఎవరిదో పెళ్లికి పోయారట. మా అవ్వ, అంటే మా అమ్మ, వరండాలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ముందుగదిలో టీవీలో క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది, చూసేవాళ్లు లేరు. సందీప్ ఒంటి మీద ఏదో జట్టు జెర్సీ, దాని వీపు మీద ఎవరో ఆటగాడి పేరు. ఇవన్నీ ఆ ఇంట్లో నేను ఎప్పుడూ చూసేవే. కాని వాడి చేతిలో ఉన్న గుడ్డను చూసి గడప దగ్గరే ఆగిపోయాను. పాతబడి పసుపు తిరిగిన తెల్ల గుడ్డ. దాని నడుమ అడ్డంగా బెత్తెడు వెడల్పున ఎర్ర పట్టీ. ఆ ఎర్ర పట్టీ నిండా ఇంజను ఆయిలు మరకలు.

"ఏం చేస్తున్నవ్‌రా?" అన్నాను.

"బండి తుడుస్తున్న అత్తా. ఏమాయె?"

"ఆ గుడ్డ ఎక్కడిది నీకు?"

"ఇంట్లదే. డ్యామేజీ గుడ్డ. సూడు, నడుమ గీ ఎర్రది ఎట్లున్నదో. ఎవడో నేసుడు రాక నేసిండు."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గుడ్డను వాడి చేతిలోంచి గుంజుకున్నాను. నా పట్టుచీర కొంగుకు ఆయిలు అంటింది, అంటనీ అనుకున్నాను. ఆ గుడ్డ నేసినవాడు వాడి తాత. నేసుడు రాకపోవడం కాదు, సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు ఒక్కడే నడిపించి ఒక్క పోగు తెగకుండా గుడ్డ తాను దించే మనిషి. ఆ సంగతి వాడికి తెలియదు. వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడం మా ఇంట్లో ఒక అలవాటు.

"గింత గుడ్డకు గంత కోపమా?" సందీప్ నవ్వాడు. "లోపలికి వోయి మ్యాచ్ సూడు, జర సల్లవడుతవ్. కాకపోతె నీకు నచ్చదు. గిది మీ జమానల టెస్టు మ్యాచ్ గాదు గద."

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని బడిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలందరూ చెప్పుకునేవారు. ఉద్యోగం అయిపోయాక ఆ కోపం ఎక్కడికీ పోలేదు, టీవీ మీదికి మళ్లింది. అవును, నాకు ఈ లీగు ఆట నచ్చదు. ఓవరు పూర్తయిన మరుక్షణం తెర మీదికి ఒక సినిమా హీరో దూకి మసాలా పొట్లం చూపిస్తాడు, లేదంటే ఫోనులో పందెం కాయమంటాడు. బంతి ఎంత దూరం పోయిందో మీటర్లలో కొలిచి చూపిస్తారు గాని, అంతకుముందు మూడు బంతుల్లో బౌలరు బ్యాట్స్‌మన్‌ను ఎట్లా ఊరించాడో చెప్పేవాడు ఒక్కడు లేడు. ఏటేటా వేలం పెట్టి ఆటగాళ్లను ఈ జట్టు నుంచి ఆ జట్టుకు మారుస్తారు. పోయిన ఏడు మనవాడని సందీప్ ఎవడి పేరు చెప్పి గంతులేశాడో, ఈ ఏడు వాణ్నే తిడుతున్నాడు. వీపు మీద పేరున్న ఆ జెర్సీ మాత్రం ఉతికి ఉతికి వేసుకుంటాడు. స్పిన్నరును తొక్కేశారు, మెయిడిన్ ఓవరు అనే మాటే పిల్లలకు తెలియదు, ఇక టెస్టు మ్యాచ్ నాలుగో రోజు మధ్యాహ్నం పిచ్ పగుళ్లు తేలినప్పుడు ఉండే మజా గురించి ఎవరితో మాట్లాడను?

ఒకసారి తోటి టీచర్లతో కలిసి హైదరాబాద్‌లో స్టేడియానికి కూడా పోయాను. జన్మలో ఒక్కసారైనా స్టేడియంలో కూర్చుని మ్యాచ్ చూడాలని చిన్నప్పటి నుంచి ఉండేది. గేటు దగ్గర సంచి తెరిపించి, పొద్దున్నే లేచి చేసుకున్న జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు తీసి చెత్తడబ్బాలో పారేశారు. తినే రొట్టెను పారేసినవాడి మీద నోరు చేసుకున్నాను. వాడు పాపం కూలికి వచ్చిన పిల్లగాడు, ఆ రూలు వాడు పెట్టింది కాదు. లోపల చెవులు పగిలే పాటలు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు అరవాలో మైకులో ఒకడు చెబుతుంటాడు, జనం అరుస్తుంటారు. ఒక మంచి వికెట్ పడింది. అది ఎట్లా పడిందో మళ్లీ చూద్దామని పెద్ద తెర వైపు తలెత్తితే, అద్దాల గదిలో కూర్చుని ఏదో నములుతున్న హీరోను చూపిస్తున్నారు. జనమంతా వాడికి చేతులూపారు. ఆ వికెట్ ఎట్లా పడిందో నాకు ఈ రోజుకూ తెలియదు.

నాకు తెలిసిన అన్ని స్కోరుబోర్డుల్లోకీ గొప్పది మా ఇంటి కిటికీ. ఆ సంగతే ఆ రోజు సందీప్‌ను వాకిట్లో స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాను. చెప్పాను అనడం కంటే అరిచాను అనడం నిజం.

మా పాత ఇల్లూ, మా బాపు, అంటే మా నాన్న, పనిచేసే సాంచాల కార్ఖానా ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. కార్ఖానాలో పదహారు సాంచాలు. పొద్దున ఆరింటికి మొదలైన ఆ చప్పుడు గోడలోంచి, నేలలోంచి, మేం తినే కంచంలోంచి వచ్చేది. ఇంట్లో మేమంతా గట్టిగా మాట్లాడేవాళ్లం, చుట్టాల ఇళ్లకు పోయినా అట్లాగే అరిచి తిట్లు తినేవాళ్లం. మా ఇంటికొక వాసన ఉండేది: గంజి, సాంచాల నూనె, గాలిలో తేలే నూలు దూది, అవ్వ వండే జొన్న గట్క. బాపు పని దిగి వచ్చేసరికి కనుబొమ్మల మీద దూది పేరుకుని ముసలివాడిలాగా కనిపించేవాడు. ముఖం కడుక్కుంటే మళ్లీ పడుచువాడయ్యేవాడు. మెత్తటి మనిషి. మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరుగడు. శనివారం కూలి పగార రాగానే మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చేవాడు, అందులో పెద్దది నాకే పెట్టేవాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే నేను ఇప్పుడు చెప్పబోయేది ఆ మెత్తటి మనిషి మీద కోపం.

అవ్వ కండెలు చుట్టేది. కండె అంటే నూలు చుట్టిన చిన్న కట్టె. దాన్ని నాడెలో పెడితే నాడె అటూ ఇటూ ఉరుకుతూ గుడ్డకు అడ్డపోగు వేస్తుంది. ఒక కండె కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, వెంటనే ఇంకోటి పెట్టాలి. నాలుగు సాంచాలు నడిపే మనిషికి రోజంతా అదే పని, చేతులు చూడకుండానే చేసుకుపోతాయి. గోడలో ఉన్న కిటికీలోంచి అవ్వ కండెల తట్ట అందిస్తే బాపు అందుకునేవాడు. అన్నం తినేటప్పుడు తప్ప అవ్వ చేయి రాట్నం మీదే ఉండేది. అర కండె చుట్టి వదిలిపెట్టడం ఆమె చేతికి రాదు. కట్టె చివరిదాకా నిండుగా, గట్టిగా చుట్టాల్సిందే.

మా పక్కింట్లో జైనబ్ ఖాలా ఉండేది. ఆమె భర్త లారీ మెకానిక్, ఎక్కడి నుంచో ఒక రేడియో తెచ్చాడు. ఇంట్లో అత్త ఊరుకోదని ఖాలా ఆ రేడియోను బుర్ఖా కింద పెట్టుకుని మా ఇంటికి తెచ్చేది. మొదట పాటల కోసమే తెచ్చింది. ఒకరోజు పాటలు రాలేదు, క్రికెట్ వచ్చింది. హిందీలో చెబుతుంటే ఖాలా తనకు తెలిసిన ఉర్దూతో అర్థం చేసుకుని అవ్వకు చెప్పింది. ఇద్దరిలో ఒక్కరూ ఎన్నడూ క్రికెట్ ఆట చూసినవాళ్లు కాదు. కాని ఆ రోజు నుంచి అవ్వకు ఆ ఆట పట్టుకుంది. మైదానం ఎట్లా ఉంటుందో తెలియక మా వాకిలినే మైదానం చేసుకుంది. బట్టలుతికే బండ దగ్గర స్లిప్, నీళ్ల గోలెం దగ్గర వికెట్ కీపరు, జామచెట్టు దగ్గర కవర్, తడక తలుపు దగ్గర లాంగాన్. బంతి కవర్‌లోకి పోయిందని రేడియోలో చెప్పగానే అవ్వ కళ్లు జామచెట్టు వైపు తిరిగేవి. అక్కడ బంతిని పట్టేవాడు లేకపోతే నిజంగా బాధపడేది.

ఆరు నెలల్లో అవ్వ ఆటను ఖాలా కంటే ముందుగా పట్టుకోవడం మొదలుపెట్టింది. "గీ పొలగాడు ఆగమాగం ఆడుతుండు. గా స్లో బౌలర్ను దించితె పోతడు సూడు," అనేది. దించేవాళ్లు, వాడు పోయేవాడు. "గయా! గయా!" అని ఖాలా చప్పట్లు కొట్టేది. తెరలూ గీతలూ పెట్టుకుని కూర్చునే ఇప్పటి నిపుణుల మాటలు వింటున్నప్పుడల్లా నాకు రాట్నం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న మా అవ్వ గుర్తుకొస్తుంది, ఒళ్లు మండుతుంది. ఆమెకున్న ఆట తెలివిలో పావలా వంతు లేనివాళ్లు సూట్లు వేసుకుని కూర్చుంటున్నారు.

బాపుకూ, కార్ఖానాలో మిగతావాళ్లకూ స్కోరు తెలుసుకోవాలని ఆత్రంగా ఉండేది. కాని పదహారు సాంచాల చప్పుడులో రేడియో ఏం వినిపిస్తుంది? అవ్వే ఉపాయం చేసింది. మా తాత చేతిమగ్గం నేసిన కాలం నుంచి మిగిలిన ఎర్ర నూలు చెక్క సందుగులో ఉండేది. దాంతో పది ఎర్ర కండెలు చుట్టింది, పది వికెట్లకు పది. గుర్తుకే కదా, రెండు చుట్లు చుట్టినా సరిపోయేది. కాని అర కండె ఆమె చేతికి రాదని చెప్పాను కదా, అవీ నిండుగానే చుట్టింది. మనవాళ్లది ఒక వికెట్ పడితే తెల్ల కండెల తట్ట మీద ఒక ఎర్ర కండె పెట్టి అందించేది. బాపు దాన్ని తీసి కిటికీ గట్టు మీద నిలబెట్టేవాడు. పరుగులను అవ్వ కిటికీ రెక్క మీద సుద్దతో రాసేది. కార్ఖానాలో ఎక్కడ నిలబడ్డా కిటికీ కనిపించేది. ఎర్ర కండెలు లెక్కపెట్టుకుంటే వికెట్లు, రెక్క చూస్తే పరుగులు. పనివాళ్లు దూరం నుంచే వేళ్లతో అడిగేవాళ్లు, అవ్వ వేళ్లతో జవాబు చెప్పేది. సాంచాల మధ్య బతికేవాళ్లకు చేతులతో మాట్లాడుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. "లచ్చవ్వక్కా, ఈ సారి గెలుస్తమా?" అని పని దిగినవాళ్లు మా వాకిట్లోకి వచ్చి అడిగేవాళ్లు. మొగవాళ్లు వచ్చి మా అవ్వను అభిప్రాయం అడగడం నేను ఆ ఒక్క విషయంలోనే చూశాను.

ఆ రోజు వెస్టిండీస్‌తో మ్యాచ్. నాకు పదకొండేళ్లు. బడి లేదు, నేనూ అవ్వ పక్కన కూర్చున్నాను. మనవాళ్లు రెండోసారి బ్యాటింగ్ చేస్తున్నారు, పొద్దు వాలేలోగా గెలవాలి. కిటికీలో ఆరు ఎర్ర కండెలు నిలబడి ఉన్నాయి. క్రీజులో మనవాళ్లలో అందరికన్నా మంచి ఆటగాడు నిలదొక్కుకున్నాడు. వాడు ఉంటే గెలుపు మనదే అని కార్ఖానా అంతా నమ్మకం. సరిగ్గా అప్పుడు ఖాలా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాడు పోయాడు. అవ్వ తట్ట మీద ఏడో ఎర్ర కండె పెట్టి కిటికీలోంచి అందించింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. బాపు ఆ ఎర్ర కండెను చూశాడు. ఎడమ చేత్తో నుదురు కొట్టుకున్నాడు. కుడి చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది. ఆ ఎర్ర కండెనే తీసి, నాడెలో పెట్టి, సాంచ నడిపించి, ఇంకో సాంచ దగ్గరికి పోయింది.

నేను చూశాను. ఆ చప్పుడులో అరిచినా వినపడదు. అయినా అరవొచ్చు, చెయ్యి ఊపొచ్చు. నేను ఏం చేశానో తెలుసా? నవ్వాను. బాపు ఎంత పరేషాన్ అయ్యాడో అని నవ్వొచ్చింది. తెల్లటి గుడ్డలోకి ఎర్ర పోగు దిగుతుంటే చూసుకుంటూ నవ్వాను.

కొద్దిసేపటికి అవ్వ కిటికీ గట్టు చూసింది. ఆరే ఉన్నాయి. ఏడు వేళ్లు చూపించి, ఏడోది ఏదని చేత్తో అడిగింది. బాపు గట్టు చూశాడు, తట్ట చూశాడు, తర్వాత సాంచ వైపు ఉరికాడు. అప్పటికే బెత్తెడు ఎర్రగా దిగింది. సాంచ ఆపి ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. మా కర్మ అట్లా ఉంది, ఆ సమయానికే ఆసామి లోపలికి వచ్చాడు. ఆసామి అంటే ఆ సాంచాల యజమాని. గుడ్డ చూశాడు, చెయ్యి ఎత్తాడు. ఒక్కొక్కటిగా పదహారు సాంచాలూ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ కార్ఖానాలో నేను ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో మా ఇంట్లో రేడియో, మొట్టమొదటిసారి, కార్ఖానా అంతటికీ ఖంగుమని వినిపించింది. ఎనిమిదో బ్యాట్స్‌మన్ ఫోర్ కొట్టాడు.

"గీ ఎర్ర కండె ఎవడు పెట్టిండు?" ఆసామి అడిగాడు.

బాపు తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు.

"నిన్నే ఓదేలూ. ఎక్కడిది గిది?"

"ఇంట్ల నుంచి వచ్చింది," అన్నాడు మా బాపు.

అంతే. ఇంట్ల నుంచి వచ్చింది. అబద్ధం కాదు. నిజంగా అది ఇంట్లో నుంచే వచ్చింది. కాని నాడెలో పెట్టిన చెయ్యి ఎవరిదో ఆ మాటలో లేదు. లెక్కల టీచరుగా ఎంతోమంది పిల్లల దొంగ లెక్కలు దిద్దాను, అంత శుభ్రమైన దొంగ లెక్క మళ్లీ చూడలేదు. ఆసామి కిటికీ దగ్గరికి వచ్చాడు. గట్టు మీది ఆరు కండెలను చేత్తో ఒక్క ఊపున నేల మీదికి తోసేశాడు.

"ఏమే లచ్చవ్వా! కండెలు చుట్టుమంటె కిరికెట్లు చుట్టుతున్నవా? ఆడదానికి నీకెందుకే ఆ ఆట? నీ తిక్కతోటి నా తాను ఖరాబైంది. మొగని కూడు గూడ పోగొడ్తవా ఏంది?"

అవ్వ ఆసామి భుజం మీదుగా బాపు వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు తెలుసు, ఎందుకంటే రేడియోలో ఒక ఓవరు సగం అయింది. బాపు తల ఎత్తలేదు. మిగతా పనివాళ్లు కూడా ఎత్తలేదు. నిన్నటిదాకా అక్కా అక్కా అని స్కోరు అడిగినవాళ్లే. అవ్వ లేచి వెళ్లి రేడియో గుబ్బ తిప్పేసింది. ఓవరు మధ్యలో, ఇంకా మూడు వికెట్లు చేతిలో ఉండగా. రేడియోను ఖాలా చేతిలో పెట్టింది. "తీస్కపో జైనబక్కా," అంది. మళ్లీ రాట్నం ముందు కూర్చుని చేతిలో ఉన్న తెల్ల కండెను నిండుగా చుట్టింది.

ఆ తానుకు కూలి రాలేదు. అందుకు నాకు కోపం లేదు, మా ఇంట్లో అంతకన్నా పెద్ద నష్టాలు చాలా వచ్చాయి పోయాయి. మర్నాడు బడి ముందు టీకొట్టు దగ్గర తెలిసింది, మనవాళ్లు గెలిచారని. ఆ మాట అవ్వకు చెప్పాలని పుస్తకాల సంచి ఎగిరిపడేలా ఉరికి ఇంటికొచ్చాను.

"అవ్వా! నిన్న మనోళ్లు గెలిచిన్రే!"

రాట్నం ఆగలేదు. "మనోళ్లా?" అంది అవ్వ. "ఎవరే మనోళ్లు?"

తర్వాత నేను ఆ ప్రస్తావన తేలేదు. ఖాలా ఒకటి రెండుసార్లు రేడియో పట్టుకొచ్చింది, అవ్వ తల అడ్డంగా ఊపింది. బాపు మాత్రం ఆట వదల్లేదు. టీకొట్టు దగ్గర విన్నాడు, తర్వాత ఇంట్లో టీవీ వచ్చాక కుర్చీ వేసుకుని చూశాడు. మ్యాచ్ పెట్టగానే అవ్వ వంటింట్లోకి పోయేది. బాపు ఆమెను పిలవలేదు, ఆపలేదు. ఆ ఎర్ర పట్టీ ఉన్న ముక్కను కోసి తెచ్చి సందుగు అడుగున పెట్టుకున్నాడని మాత్రం నాకు తెలుసు. దాని గురించి ఎన్నడూ నోరు మెదపలేదు. ఆయన పోయినప్పుడు, పదో దినం నాడు, పాత పనివాళ్లు వచ్చి "మా ఓదేలన్నకు కిరికెట్ అంటె పానం" అని చెప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. కిటికీ మాట, ఎర్ర కండెల మాట కూడా వచ్చింది. అదంతా ఓదేలన్న ఉపాయమే అన్నారు. నేను అక్కడే ఉన్నాను. విస్తర్లు వేస్తున్నాను. నా నోరు లేవలేదు. నేనూ ఆ ఇంటి పిల్లనే కదా!

"ఆ కండెల ఉపాయం మీ తాతది కాదురా, మీ నానమ్మది!" అని మొన్న సందీప్ ముందు అరిచాను. "తప్పు చేసింది మీ తాత! మాట పడ్డది ఆమె! ఒక్క ముక్క, 'నా చెయ్యి తప్పింది సేటూ' అంటే ఏం పోయేది ఆయనకు? నేనూ చూసినదాన్నే, నేనూ చెప్పలే! ఇదిరా ఆ గుడ్డ. దీంతో బండి తుడుస్తవా?"

సందీప్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా అవ్వకు ఎనభై దాటాయి. కార్ఖానా గోడ పక్కన అన్నేళ్లు కూర్చుని కూర్చుని చెవులు సగం పోయాయి. వరండాలో పడుకున్న మనిషికి ఇదంతా వినపడదనే అనుకున్నాను. వెనుక మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే అవ్వ లేచి కూర్చుని ఉంది.

"పోరన్ని ఎందుకు తిడుతవే? గా గుడ్డ నేనే ఇచ్చిన," అంది.

"నువ్వా? ఎందుకిచ్చినవే? బాపు అన్నేండ్లు దాసుకున్నది..."

"అవు. దాసుకున్నడు. సందుగుల గుడ్డను దాసుకున్నడు, నోట్లె మాటను దాసుకున్నడు. గా గుడ్డను ఏం జేసుకోవాలె నేను? పూజ జెయ్యాల్నా?" అవ్వ గొంతు గట్టిది, సాంచాల కాలంనాటి గొంతు. వాకిలంతా మోగింది. "నా ముంగట కూసోని ఒక్కనాడు, 'లచ్చీ, నాడెల నేనే పెట్టిన, నీది తప్పు గాదు' అంటె, నేను ఆ గడియనే రేడియో పెడుదు. ఒక్క మాట. పానం వొయ్యేటప్పుడు గూడ అన్లే. నీళ్లు అడిగిండు, ఇచ్చిన."

ఇన్నేళ్లూ అవ్వ తరఫున కోపం మోస్తున్నానని అనుకున్నాను. ఆమె కోపం ముందు నాది ఏపాటిది? నేను ఆ గుడ్డను గుండెకు అదుముకుని నిలబడి ఉన్నాను, అది చూసి ఆమె చెయ్యి చాచింది. ఇచ్చాను. దాన్ని ఒకసారి దులిపింది. ఎర్ర పట్టీని వేళ్లతో తడిమి చూసింది. బెత్తెడు నేతలో ఒక్క సన్న పోగు లేదు, ఎక్కడా ఉండ లేదు. "కండె మంచిగనే చుట్టిన," అంది తనలో తాను. తర్వాత దాన్ని సందీప్ మీదికి విసిరింది.

"తుడువు. సగం తుడిచి ఇడిసిపెడ్తవా? నాకు సగం పని జూస్తె కోపం."

వాడు గుడ్డ అందుకుని బండి దగ్గరికి పోయాడు. అవ్వ మంచం దిగి, గోడ పట్టుకుని మెల్లగా ముందుగదిలోకి నడిచింది. నేను వెనకే పోయాను, పడిపోతుందేమోనని. బాపు కూర్చునే కుర్చీ టీవీ ముందు ఖాళీగా ఉంది. అవ్వ ఆ కుర్చీ వెనుక కాసేపు నిలబడి, దాన్ని జరిపి, సరిగ్గా తెర ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఇంట్లోకి టీవీ వచ్చిన నాటి నుంచి ఆమె ఆ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు.

"సప్పుడు పెంచు," అంది.

పెంచాను.

"ఇంకా పెంచు. నాకేం ఇనవడుతది గట్లయితె?"

ఇంకా పెంచాను. ఓవరు అప్పుడే అయిపోయినట్టుంది, తెర మీద మసాలా పొట్లం పట్టుకుని హీరో ఎగురుతున్నాడు. అవ్వ వాణ్ని పైనుంచి కిందిదాకా చూసి, వీడు ఆటగాడు కాదని తేల్చుకుని, నా వైపు తిరిగింది.

"ఎన్ని వడ్డయే?" అంది.

ఎన్ని వికెట్లు పడ్డాయని. ఇన్నేళ్ల తర్వాత మా అవ్వ స్కోరు అడిగింది. బస్సు దిగి ఈ ఇంటికి వచ్చి గంట దాటింది. ఆ గంటంతా టీవీ మోగుతూనే ఉంది. నేను ఒక్కసారి కూడా తల తిప్పి స్కోరు చూడలేదు.

"తెల్వదే అవ్వా," అన్నాను.

"తెల్వదా?" అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఇంతసేపు ఏం జేస్తున్నవే?"